కడప నుంచి తిరిగొచ్చింది ఎవరు? గళ్ళనుడికట్టులో ఇరుక్కుపోయాను

పుణె_పిల్ల:
అమ్మ విజయనగరంలో, నేను పుణెలో. ప్రతి ఆదివారం ఫోన్లో ఇద్దరం కలిసి గళ్ళు నింపుతాం. ఈ వారం ఒక్క ఆధారం దగ్గర ఆగిపోయాను: "కడప నుంచి తిరిగొచ్చి నడుం వాల్చేది (3)". మూడు గళ్ళ మాట, నడిగడిలో 'డ' పడింది. 'కోడలు' అన్నాను. కడపలో పుట్టింటికి వెళ్లి అలసిపోయి వచ్చిందేమో అనుకున్నాను! "కాదు, మళ్ళీ చదువు" అని అమ్మ ఫోన్ పెట్టేసింది. జవాబు చెప్పకండి, దారి చూపించండి చాలు.

అడ్డం_నిలువు:
ఆధారం చెప్పే కథను నమ్మకండి. దాన్ని రెండు ముక్కలు చేయండి. ఒక ముక్క జవాబుకి అర్థం, అది మొదట్లోనో చివర్లోనో ఉంటుంది. రెండోది ఆ మాటను తయారుచేసే పద్ధతి. ఇక్కడ 'నడుం వాల్చేది' మనిషి కానక్కర్లేదు. 'కోడలు' అంటే కడప అన్న మాటకి పనే లేకుండా పోయింది కదా. తిరిగి రావాల్సింది ఆ ఊరి పేరులోని అక్షరాలు.

పాతపత్రికలు:
ఇంగ్లీషు క్రాస్‌వర్డ్ అలవాటున్నవాళ్ళు ఇక్కడే తడబడతారు. మన గడిలో గుణింతం, ఒత్తుతో సహా అక్షరం మొత్తం కూర్చుంటుంది. అందుకే 'రామ' తిరగేస్తే 'మరా' అవుతుంది, 'మార' కాదు. ఇంకో సంగతి. మూడు అక్షరాలు ఎంత కలగాపులగం చేసినా 6 రకాలే, నాలుగైతే 24. కాగితం మీద రాసి చూసుకోవచ్చు. నాకు బాగా ఇష్టమైనవి తల, తోక తీసేసే ఆధారాలు: "తల తెగిన వినాయకుడే సారథి (4)". పురాణం కూడా కలిసొచ్చింది చూడండి.

పుణె_పిల్ల:
పడక! రెండోదానికి 'నాయకుడు'. అరగంట నుంచి ఇదే ఆనందం. అమ్మ కోసం నేనూ ఒకటి కూర్చాను: "స్వప్నం పక్కన పెన్ను పెడితే ఊరంతా గగ్గోలు (4)". సరిగ్గా ఉందా?

అడ్డం_నిలువు:
కల, కలం. చాలా బాగా కుదిరింది. 'ఊరంతా' ఒక్కటి తీసేయండి. దానికి అర్థంలోనూ పనిలేదు, అక్షరాల్లోనూ పనిలేదు. "స్వప్నం పక్కన పెన్ను పెడితే గగ్గోలు (4)" అని ఇవ్వండి. అమ్మగారు ఎంతసేపట్లో పట్టేశారో ఇక్కడ రాయండి.