చేపల మార్కెట్ వాళ్ళు స్కూళ్ళెందుకు నడిపారు? (హాంకాంగ్)

భీమిలి_కుర్రాడు:
ఉద్యోగరీత్యా హాంకాంగ్‌లో ఉంటున్నాను. మాది భీమిలి దగ్గర జాలరి కుటుంబం, అందుకే సెలవు దొరికితే ఇక్కడి రేవులు చూసొస్తుంటాను. చుంగ్ చౌ దీవిలో మత్స్యకార సంఘాల పేరుతోనే ఒక ప్రైమరీ స్కూలు ఉండేదట, ఇప్పుడు మూతపడింది. హోల్‌సేల్ చేపల మార్కెట్లు నడిపే సంస్థ కూడా రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జాలర్ల పిల్లలకు బళ్ళు పెట్టిందట. చేపలు వేలం వేసేవాళ్ళకు పలకా బలపంతో పనేంటి?

బారువ_మాస్టారు:
పని ఉంది బాబూ. అక్కడి పడవ జనం ఇంటిల్లిపాదీ నీళ్ళ మీదే బతికారు. వాళ్ళు గట్టు మీద ఉండొచ్చని 1729లో చైనా చక్రవర్తి ఆజ్ఞ ఇచ్చినా చిన్నచూపు పోలేదు. యుద్ధానికి ముందు సరుకంతా దళారుల గుప్పిట్లో ఉండేది. అప్పిచ్చేది వాడే, ధర చెప్పేదీ వాడే. మన సావుకార్ల సంగతి నీకు చెప్పక్కర్లేదు. నువ్వు చెప్పిన సంస్థే, 1945లో వచ్చిన ఫిష్ మార్కెటింగ్ ఆర్గనైజేషన్, చేపను వేలంలో అమ్మించి, కమీషన్ తీసుకుని, అందులో ఖర్చులు పోను మిగిలిన దాంట్లోంచి తక్కువ వడ్డీ అప్పులకూ పిల్లల చదువుకూ పెట్టింది. వేలం చీటీ చదవలేనివాడు మళ్ళీ దళారి దగ్గరికే పోతాడు కదా!

నేను పనిచేసిన ఊళ్ళో ఆగస్టు వస్తే సగం మంది మగాళ్ళు గుజరాత్‌లో వెరావల్ బోట్లెక్కేవాళ్ళు. తల్లి తెల్లారకముందే గంప ఎత్తుకుని పోయేది. ఐదో క్లాసు పిల్ల ఒకతి తమ్ముణ్ణి చంకనేసుకుని వచ్చి గుమ్మం దగ్గరే నిలబడేది. వాణ్ణి రానివ్వకపోతే ఆ పిల్లా రాదు. రానిచ్చాను. వెధవ, చాక్‌పీసులు తినేవాడు.

కౌలూన్_అక్క:
ఇక్కడ మలుపు తిప్పింది ఇంజన్లేనండీ. 1950, 60ల్లో పడవలకు ఇంజన్లు వచ్చాక అంతమంది మనుషులు అక్కర్లేకపోయింది. ముసలివాళ్ళూ బడి పిల్లలూ గట్టు మీద ఉండిపోయారు. 1971లో ప్రాథమిక విద్య అందరికీ ఉచితం చేశారు. చదువుకున్నవాళ్ళు ఫ్యాక్టరీలకు పోయారు, పడవ ఎక్కలేదు. ఇంక ప్రత్యేక బళ్ళలో చేరేదెవరు?

భీమిలి_కుర్రాడు:
థాంక్సండీ. మాస్టారూ, మీ బడి వేళలు వేటను బట్టి మార్చుకునే వీలుండేదా?

బారువ_మాస్టారు:
ఎక్కడ బాబూ! మన తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా. ఊళ్ళో వేటాడే తండ్రులు ఇంటి పట్టున ఉండేది అప్పుడే. ఆ రెండు నెలల్లో చాలా భాగం బడికి వేసవి సెలవులే. నేనే మే ఎండలో గొడుగేసుకుని ఒడ్డుకు పోయేవాణ్ణి. వాళ్ళు తలెత్తకుండా వల బాగుచేసుకుంటూనే, 'ఆడపిల్లని హైస్కూలుకి పంపితే ఆటో ఖర్చెవరిస్తారు మాస్టారూ?' అనేవాళ్ళు. దానికి నా దగ్గర జవాబుండేది కాదు. మీ మార్కెట్ వాళ్ళ దగ్గర ఉన్నది ఆ డబ్బే.