సింగపూర్ పతనం: తప్పంతా పెర్సివల్‌దేనా?

పాతమ్యాపు: 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ బుకిట్ తిమా ఫోర్డ్ ఫ్యాక్టరీలో బ్రిటిష్ సేనాని జనరల్ పెర్సివల్ జపాన్ సేనాని యమషితకు లొంగిపోయాడు. ద్వీపంలో ఆయన కింద దాదాపు 85 వేలమంది. జపాన్ వాళ్లు 30 వేలకు అటూఇటూ. జలసంధి దాటొచ్చిన వాళ్లను ఎనిమిది రోజులు కూడా ఆపలేకపోయిన జనరల్‌ని ఎలా సమర్థిస్తాం?

గోదారిగట్టు: తలలు లెక్కపెడితే సరిపోదండీ. ఆ 85 వేలలో సరఫరా, గుమస్తా పనులవాళ్లు చాలామంది. 1937లో మలయాలో (సింగపూర్‌కు ఉత్తరాన, నేటి మలేషియాలో భాగం) స్టాఫ్ అధికారిగా ఉన్నప్పుడే జపాన్ ఉత్తరం నుంచి రావచ్చని అంచనా రాసిచ్చింది ఈ పెర్సివలే. తీరా యుద్ధమొచ్చేసరికి ఆయన చేతిలో ఒక్క ట్యాంకు లేదు, విమానాలు అరకొర. ప్రిన్స్ ఆఫ్ వేల్స్, రిపల్స్ అనే బ్రిటిష్ యుద్ధనౌకలు 1941 డిసెంబర్ 10నే మునిగాయి. చర్చిల్ ట్యాంకులు, హరికేన్ విమానాలు రష్యాకు పంపుతున్న రోజులవి. మలయా వంతు చివర్లోనే వచ్చింది.

పాతమ్యాపు: ముందే పసిగట్టినవాడు ముందే సిద్ధపడాలి కదా! ఉత్తర తీరంలో రక్షణలు కడదామని చీఫ్ ఇంజినీరు సిమ్సన్ బతిమాలాడు. అలా కడితే సైనికులకూ జనానికీ ధైర్యం చెడుతుందని పెర్సివల్ కాదన్నాడట, సిమ్సనే తర్వాత రాశాడు. దాడి వాయవ్యం నుంచే రావచ్చని పైఅధికారి జనరల్ వేవెల్ అన్నా వినక, కొత్తగా దిగిన బ్రిటిష్ 18వ డివిజన్ని ఈశాన్యంలో పెట్టాడు. ఫిబ్రవరి 8 రాత్రి జపాన్ వాళ్లు వాయవ్యంలోనే దిగారు. అక్కడున్నది పల్చగా పరుచుకున్న ఆస్ట్రేలియా 22వ బ్రిగేడ్. ఇందులో లండన్ ప్రమేయం ఏముంది?

నల్లరేగడి: మీరిద్దరూ మన సిపాయిల్ని మర్చిపోయారు. మలయాలో పోరాడిన సైన్యంలో పెద్ద భాగం భారతీయులే. కొత్త పటాలాల కోసం అనుభవమున్న హవల్దార్లను, అధికారులను పాత పటాలాల నుంచి లాగేసుకుని, ట్యాంకంటే ఏమిటో చూడని కుర్రాళ్లను అక్కడికి పంపారు. జనవరి 7న స్లిమ్ నది దగ్గర జపాన్ ట్యాంకులు వాళ్లను చీల్చుకుంటూ పోయాయి. ఫిబ్రవరి 17న ఫారర్ పార్కులో 40 వేలకు పైగా భారత సైనికుల్ని బ్రిటిష్ అధికారి ఒకాయన జపాన్ వాళ్లకు అప్పగించేశాడు. ఆజాద్ హింద్ ఫౌజ్ వైపు ఎందుకు అంతమంది వెళ్లారో అక్కడే అర్థమవుతుంది. అలాంటి సైన్యాన్ని తయారుచేసి పంపిన పాలన తప్పును ఒక్క జనరల్ మీదికి నెట్టేస్తే ఆ పాలన సులువుగా తప్పించుకుంటుంది.

పాతమ్యాపు: పాలనను నేనూ వదలను నల్లరేగడి గారూ. కానీ యమషిత దగ్గర గుండ్లు అయిపోవస్తున్నాయి, ఆ దాడి ఒక బుకాయింపేనని తర్వాత ఆయనే రాసుకున్నాడు. ఆ చివరి రోజు ఎదురుదాడి చేసి ఉంటే?

గోదారిగట్టు: ఆ సంగతి పెర్సివల్‌కి తెలిసే దారి లేదు. జలాశయాలు శత్రువు చేతిలో, పగిలిన పైపులు, ఊళ్లో దాదాపు పది లక్షల జనం. చివరిదాకా పోరాడి చావమని చర్చిల్ ఆజ్ఞ. ఆ జనాన్ని బలిపెట్టనందుకు మాత్రం నేను ఆయన్ను తప్పుపట్టలేను.