‘మనోభావాలు దెబ్బతిన్నాయి’: ఎవరు తిన్నట్టు?

డెస్కులో వార్తలు తెలుగు చేసే పని నాది. నిన్న కికు శార్దా అరెస్టు సంగతి మళ్ళీ రాయాల్సి వచ్చింది. హిందీ కామెడీ నటుడు, కపిల్ శర్మ షోలో పలక్ వేషం వేసినాయన. టీవీలో డేరా సచ్చా సౌదా ఆశ్రమాధిపతి గుర్మీత్ రామ్ రహీమ్‌ను అనుకరించాడని 2016 జనవరిలో హరియాణా పోలీసులు ముంబయి నుంచి కైథల్ తీసుకుపోయారు. 14 రోజుల రిమాండన్నారు, అంతలోనే లక్ష రూపాయల పూచీకత్తు మీద బెయిలూ దొరికింది. అలవాటు చొప్పున ‘అనుచరుల మనోభావాలు దెబ్బతిన్నాయి’ అని టైపు కొట్టేసి, ఆ మాట దగ్గరే ఆగిపోయాను. మా అమ్మమ్మ నోట ఈ మాట ఒక్కసారీ వినలేదు. ఇది మన మాటేనా? దీనికి ముందు ఏమనేవాళ్ళం?

—

మంచి ప్రశ్న తమ్ముడూ. ‘దెబ్బతిను’ని ఒకసారి పట్టి చూడు. మనుషులైతే దెబ్బలు తింటారు. పంట, రోడ్డు, వ్యాపారం, ఇవి దెబ్బతింటాయి. అంటే నష్టం లెక్కగట్టదగ్గ వస్తువులన్నమాట. వాన పడి పంట దెబ్బతింటే వీఆర్వో వచ్చి ఎన్ని ఎకరాలో రాసుకుంటాడు. మనోభావాలు ఎన్ని ఎకరాలు పోయాయో ఎవరు రాసుకోవాలి?

పైగా ‘మనోభావం’ అంటే మొన్నమొన్నటి దాకా అభిప్రాయం, మనసులో ఉన్న ఉద్దేశం. ‘తమ మనోభావం తెలుపగలరు’ అని ఉత్తరాల్లో రాసేవారు. ఇప్పుడది బహువచనంలో తప్ప కనబడదు. ఒకడి మనోభావం దెబ్బతిందని వార్త ఎప్పుడైనా చదివావా? ఎప్పుడూ గుంపుగానే దెబ్బతింటాయి. (‘మనోభవుడు’ అంటే మన్మథుడు. దీర్ఘం లేకపోతే దెబ్బ తీసేవాడు, దీర్ఘం పడితే దెబ్బ తినేది!)

మన అసలు మాట ‘నొచ్చుకోవడం’. అందులో మనిషి ఉంటాడు. ‘నేను నొచ్చుకున్నాను’ అనాలంటే ‘నేను’ అని ఒప్పుకోవాలి.

—

మా దిక్కు ‘తాకింది’ అంటరు సార్. ‘దెబ్బ తాకిందా బిడ్డా’ అని పిల్లగాన్ని అడుగుతం, ‘ఆ మాట తాకింది’ అని కూడ అంటం. 2021ల ఒక తెలుగు టీవీ కామెడీల బతుకమ్మ మీద, గౌరమ్మ మీద మాట జారిండ్రని ఫిర్యాదు పోయింది, నటుడు క్షమాపణ చెప్పిండు. టీవీలల్ల ‘మనోభావాలు’ అన్నరు గని, మా అత్తమ్మ ‘తాకింది బిడ్డా’ అన్నది. ఆమెకు నిజంగనే తాకింది. ఆ బాధను అబద్ధమని తీసెయ్యకుండ్రి. మాట మార్చుకుందాం గని.

—

అక్కా, మీరన్నది నిజం. చట్టం సంగతి నేను చెప్తాను, నాది కోర్టు పని. లాహోర్‌లో మహమ్మదు ప్రవక్త మీద ఒక పుస్తకం వేసిన ప్రచురణకర్త హైకోర్టులో నిర్దోషిగా బయటపడ్డాడు. దాని మీద రేగిన గొడవలోంచే 1927లో శిక్షాస్మృతికి, మతాన్ని అవమానించడాన్ని నేరం చేసే 295ఏ సెక్షన్ వచ్చి చేరింది. 1957లో సుప్రీంకోర్టు ఆ సెక్షన్ చెల్లుతుందంది. ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 299. మూడేళ్ళ దాకా జైలు. అయితే సెక్షన్ నిండా ఉన్నది ఉద్దేశం. కావాలని, ద్వేషబుద్ధితో చేసి ఉండాలి. మన పత్రికల వాక్యంలో ఆ ఉద్దేశమే ఎగిరిపోయింది. దెబ్బ మిగిలింది, కొట్టినవాడి మనసులో ఏముందో మిగల్లేదు.

మన జిల్లా కేసే చూడండి. ఒక పత్రిక ధోనీని విష్ణుమూర్తిలా, చేతుల నిండా బ్రాండ్లతో, అట్ట మీద వేసింది. అనంతపురం కోర్టులో కేసు పడింది, వారెంటు దాకా వెళ్ళింది. 2017లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ద్వేషబుద్ధి లేకుండా, అనుకోకుండానో అజాగ్రత్తగానో జరిగిన అవమానం ఈ సెక్షన్ కిందికి రాదంది. కానీ అప్పటికే ఏళ్ళు గడిచాయి. బొమ్మలో ఉన్నవాడికీ, వేసినవాడికీ కోర్టు తిప్పలు తప్పలేదు.

—

ఎవరూ సుమతి పద్యం ఎత్తలేదేం? ‘అన్యుల మనముల్ నొప్పింపక తా నొవ్వక తప్పించుక తిరుగువాడు ధన్యుడు’. ఇతరులను నొప్పించకపోవడం ఎంతో, తాను నొచ్చుకోకపోవడమూ అంతే. ఫిర్యాదుల్లో మొదటి సగమే వినబడుతుంది. కాకపోతే ఆ పద్యంలోని ధన్యుడు కమెడియన్ కాలేడు. తప్పించుక తిరిగేవాడు ఎవణ్ణి నవ్విస్తాడు?

—

మేష్టారూ, పద్యం బాగుంది. నాకు మాత్రం రామదాసు గుర్తొస్తున్నాడు. చింతాకు పతకం లెక్కలన్నీ అప్పజెప్పి ‘ఎవడబ్బ సొమ్మని’ అంటూ రాముణ్ణే నిలదీసి, చివర్లో ‘ఈ దెబ్బలకోర్వక అబ్బ తిట్టితినయ్య’ అంటాడు (పాఠభేదాలున్నాయి). చూశారా, దెబ్బ తిన్నవాడు తిట్టినవాడే! తిట్టు పడ్డ దేవుడికి ‘ఆయాసపడవద్దు’ అని ఊరట కూడా తనే చెప్పాడు.

—

అది భక్తుడి తిట్టండీ, నిందాస్తుతి. ఇంట్లోవాడు అనడం వేరు, వీధిలోవాడు అనడం వేరు. టీవీలో తిట్టేవాడు దెబ్బలకోర్వక తిడుతున్నాడా, రేటింగు కోసమా?

—

ఆ తేడా కాదనను. కానీ కికు కేసులో దేవుడెక్కడ? పొగరుగా తిరిగే బతికున్న మనిషిని అనుకరించాడు, అంతే. తనకు ఫిర్యాదేమీ లేదని ఆ మనిషే తర్వాత అన్నాడు. 2017లో అత్యాచారం కేసులో జైలుకీ వెళ్ళాడు. అక్కడ నొచ్చుకున్నది మతమా, పలుకుబడా? ‘మనోభావాలు’ అనేస్తే రెండూ ఒకే సంచీలో పడతాయి. నా గోల అదొక్కటే.

—

అందరికీ దణ్ణాలు. ‘అనుచరులు కొందరు నొచ్చుకున్నారు’ అని రాసి పంపాను. మా ఇన్‌ఛార్జిగారు అది కొట్టేసి పాత వాక్యమే పెట్టారు. ఎందుకని అడిగితే, “ఒట్టి నొచ్చుకున్నందుకు కేసెవడు పెడతాడయ్యా?” అన్నారు.