షెరీఫ్ ఎన్నికలో సంస్కరణవాదికి మన తెలుగు సంఘం మద్దతు ప్రకటించవచ్చా? అనుభవం ఉన్నవారు చెప్పండి

కూపర్టినో కృష్ణ:
అందరికీ నమస్కారం. కాలిఫోర్నియాలోని మా శాంటాక్లారా కౌంటీ (మన జిల్లా లాంటిది) పోలీసు అధిపతి అయిన షెరీఫ్ పదవికి 2028లో ఎన్నిక జరగవలసి ఉంది. షెరీఫ్ ఎన్నికలను అధ్యక్ష ఎన్నికల ఏడాదికి మార్చిన రాష్ట్ర చట్టం వల్ల 2022లో గెలిచినవారికి ఆరేళ్లు దక్కాయి. పోటీకి దిగాలనుకుంటున్న ఒకరి తరఫువారు ఇప్పటినుంచే ఇళ్లలో సమావేశాలు పెడుతూ, మన సంఘం లెటర్‌హెడ్ మీద మద్దతు లేఖ ఇప్పించమని అడిగారు. కూపర్టినో, సరటోగా, లాస్ ఆల్టోస్ హిల్స్ ఊళ్లకు సొంత పోలీసు శాఖ లేదు, షెరీఫ్ కార్యాలయంతోనే ఒప్పందం. కాబట్టి ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటారన్నది మాకు గుమ్మం ముందరి సంగతి. సంస్కరణవాదినని చెప్పుకొనే మనిషిని ఎలా నమ్మాలి, లేఖ ఇచ్చే ముందు రాతపూర్వకంగా ఏమి అడగాలి, అసలు మన మద్దతుకు విలువ ఉంటుందా అన్నవి నా సందేహాలు.

సరటోగా రావు:
సంస్కరణ అన్న మాట వింటేనే నాకు ఒళ్లు మండుతుంది. మేము వేరే కౌంటీలో ఉన్న రోజుల్లో పెళ్లికని ఇండియా వెళ్లి వచ్చేసరికి వెనకవైపు అద్దం తలుపు పగులగొట్టి, పూజగది బీరువాలో ఉన్న మా అమ్మ కాసులపేరుతో సహా అంతా ఊడ్చుకుపోయారు. వచ్చిన డెప్యూటీ (షెరీఫ్ శాఖ పోలీసు) వేలిముద్రల కోసం కిటికీ చట్రానికి నల్లపొడి పూసి, కేసు నంబరు రాసిన చీటీ చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. ఆ పొడి తుడుచుకోవడమే మాకు మిగిలింది. భారతీయుల ఇళ్లలో బంగారం ఉంటుందని దొంగలందరికీ తెలుసు. ముందు దొంగలను పట్టుకునేవారికి మద్దతు ఇవ్వండి, ఆ తరువాత సంస్కరణల సంగతి చూసుకోవచ్చు.

బెల్మాంట్ శ్రీవల్లి:
పక్కనే ఉన్న శాన్ మటేయో కౌంటీలో 2022లో క్రిస్టీనా కార్పస్‌కు మద్దతుగా నా పేరు ఇచ్చినదాన్ని కనుక నా అనుభవం చెబుతాను. అప్పటి షెరీఫ్ కార్లోస్ బొలానోస్‌ను జూన్ ఎన్నికలోనే ఓడించి, కాలిఫోర్నియాలో తొలి లాటినా (లాటిన్ అమెరికా మూలాలున్న మహిళ) షెరీఫ్‌గా ఆమె 2023 జనవరిలో బాధ్యతలు తీసుకున్నారు. పారదర్శకత గురించి ఆవిడ మాట్లాడుతుంటే మా వీధిలో అందరం చప్పట్లు కొట్టాము. పాత కార్యాలయం ఎలా ఉండేదో చెప్పాలంటే ఒక్క సంగతి చాలు: బొలానోస్ ఓడిపోయిన తరువాత, పదవిలో మిగిలి ఉన్న నెలల్లోనే, ఒక స్థానికుడికి అందవలసిన బ్యాట్‌మొబైల్ (బ్యాట్‌మన్ కారు) నమూనా గొడవ మీద డెప్యూటీలను ఇండియానా రాష్ట్రం దాకా పంపించారు.

రెండేళ్లు తిరగకుండానే పరిస్థితి తలకిందులైంది. కౌంటీ కోరిక మీద మాజీ న్యాయమూర్తి లాడోరిస్ కార్డెల్ ఆమె మీద వచ్చిన ఆరోపణలపై దర్యాప్తు చేసి 2024 నవంబరులో ఇచ్చిన నివేదిక నాలుగు వందల పేజీలు దాటింది. ఆరోపణలను కార్పస్ ఖండించారు. 2025 మార్చిలో షెరీఫ్‌ను తొలగించే అధికారాన్ని సూపర్‌వైజర్లకు (కౌంటీ పాలకమండలి సభ్యులకు) ఇచ్చే మెజర్ ఎ అనే ప్రతిపాదన సుమారు 84 శాతం ఓట్లతో నెగ్గింది, అక్టోబరులో ఆమెను తొలగించారు. ఇప్పుడు ఏ విందుకు వెళ్లినా "మీ సంస్కర్త ఎలా ఉన్నారండీ" అని వెటకారంగా పలకరిస్తున్నారు. అయినా అప్పుడు మద్దతు ఇచ్చినందుకు నేను విచారించడం లేదు, ఎందుకంటే మార్పు అవసరమైన చోట మార్పు అడిగాము. అయితే ఆవిడ ఉపన్యాసం విన్నామే తప్ప, ఆమె కింద పనిచేసినవాళ్లు ఏమంటున్నారో మాలో ఎవరూ కనుక్కోలేదు.

లెక్కల మాస్టారు:
కృష్ణ గారూ, మీరు అడిగిన మొదటి ప్రశ్నే తప్పు దారిలో ఉంది. ఏళ్ల తరబడి తెలుగు సంఘాల పన్ను పత్రాలు దాఖలు చేస్తున్నవాడిగా చెబుతున్నాను, మన సంఘం 501(సి)(3), అంటే పన్ను మినహాయింపు ఉన్న సేవాసంస్థల విభాగం కింద నమోదైన సంస్థ. అటువంటి సంస్థలు ఏ అభ్యర్థినీ సమర్థించకూడదని, వ్యతిరేకించకూడదని 1954 నుంచి చట్టం ఉంది, అది షెరీఫ్ పదవికీ వర్తిస్తుంది. లెటర్‌హెడ్ మీద లేఖ ఇచ్చిన రోజున మన పన్ను మినహాయింపు ప్రమాదంలో పడుతుంది. సంఘం అధ్యక్షులు సొంత హోదాలో మద్దతు ఇవ్వవచ్చు, పదవి పేరు గుర్తింపు కోసం మాత్రమేనని అక్కడే రాయాలి.

ఏలూరు టు ఎల్‌ఏ:
మాస్టారూ, అవి పాత రోజులు. 2025 నుంచి గుళ్లు, చర్చీలు అభ్యర్థులను బాహాటంగా సమర్థించవచ్చని వచ్చింది కదా. మన సంఘం కూడా ఏటా శ్రీరామనవమి కల్యాణం చేస్తుంది.

లెక్కల మాస్టారు:
కల్యాణం చేసినంత మాత్రాన సంఘం గుడి అయిపోదండీ. 2025 జులైలో ఫెడరల్ పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ టెక్సాస్ కోర్టుకు ఇచ్చిన పత్రం ఆరాధన సంస్థల గురించి, అదీ ఆరాధన సమయంలో తమ భక్తులతో మాట్లాడే మాటల గురించి మాత్రమే. వాట్సాప్‌లో సగం చదివి చట్టం మారిపోయిందని ప్రకటించడం మనవాళ్లకు అలవాటైపోయింది.

ఏలూరు టు ఎల్‌ఏ:
మీకు లెక్కలు వచ్చినంత మాత్రాన మిగతావారందరూ చదువురానివారు కారు. మరి నిరుడు ఉగాది వేదిక మీదికి మీరే ఒక కౌన్సిల్ అభ్యర్థిని పిలిచి శాలువా కప్పి, దీపం వెలిగింపజేశారు కదా. ఆ ఫోటో ఆయన రంగుల కరపత్రం మీద "తెలుగు సమాజం నాతో ఉంది" అన్న అక్షరాల కింద అచ్చయి ప్రతి ఇంటి పోస్టుపెట్టెకూ వచ్చింది. అది మద్దతు కాక మరేమిటి?

లెక్కల మాస్టారు:
ఆయన అప్పటికే పదవిలో ఉన్న సభ్యుడు, పిలిచింది ఆ హోదాలో. వేదిక మీద ఎన్నిక ప్రస్తావన ఎవరూ తేలేదు. ఫోటో వాడుకోవడానికి మేము అనుమతి ఇవ్వలేదు.

సరటోగా రావు:
కరపత్రంలో మీ భుజం కూడా కనిపించింది మాస్టారూ.

చాండ్లర్ చక్రి:
శాలువా గొడవ తరువాత తేల్చుకోండి. అరిజోనాలోని మా మారికోపా కౌంటీలో జో అర్పాయో 24 ఏళ్లు షెరీఫ్‌గా ఉన్నారు. లాటినోలను జాతిని చూసి ఆపుతున్నారని ఫెడరల్ కోర్టు 2013లో తేల్చి, శాఖ మీద పర్యవేక్షకుణ్ణి నియమించింది. 2016లో పాల్ పెన్జోన్ ఆయనను ఓడించినప్పుడు మా కాలనీలో మిఠాయిలు పంచుకున్నాము. కాని కోర్టు ఉత్తర్వులు కొత్త షెరీఫ్ మెడకూ చుట్టుకున్నాయి, ఫిర్యాదుల దర్యాప్తులు ఏళ్లకేళ్లు పేరుకుపోయాయి, చివరికి ఆయన పదవీకాలం ముగియకముందే 2024 జనవరిలో తప్పుకున్నారు. మంచివాడా కాదా అన్నదానికన్నా, వారసత్వంగా వచ్చే వ్యాజ్యాలను ఏమి చేస్తాడన్నది అడగండి.

మిల్పిటాస్ పద్మజ:
రావు గారూ, మీ నగల బాధ నాకు అర్థమైంది, అయితే షెరీఫ్ పని గస్తీతో అయిపోదు. కౌంటీ జైళ్లు నడిపేది కూడా ఆయనే, మా ఇంటికి దగ్గరలోని ఎల్మ్‌వుడ్‌తో సహా. మా తమ్ముడికి మానసిక స్థితి చెదిరిన రాత్రి మరదలు 911కు ఫోన్ చేస్తే, ఆసుపత్రికి వెళ్లవలసినవాడు జైలుకు వెళ్లాడు. అది ఈ కౌంటీ కాదు, పేరు చెప్పను. వాడి మందుల పేర్లు, మోతాదులు తెల్ల కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి కిటికీలోంచి ఇస్తే, ఆ కాగితం లోపలికి వెళ్లిందో లేదో చెప్పే మనిషి దొరకలేదు. మన శాంటాక్లారాలోనే 2015 ఆగస్టులో, చికిత్సాలయంలో పడక కోసం ఎదురుచూస్తూ జైల్లో ఉన్న మైఖేల్ టైరీ అనే మానసిక రోగి కాపలా డెప్యూటీల చేతిలో చనిపోయాడు. సంస్కరణ అంటే నాకు అది. కాసులపేరు మళ్లీ చేయించుకోవచ్చు.

సరటోగా రావు:
మా అమ్మ కాసులపేరు మళ్లీ చేయించుకోవచ్చని చెప్పడానికి మీరెవరమ్మా? ఆ డెప్యూటీల మీద హత్యానేరం 2017లో రుజువైంది, శిక్షలు పడ్డాయి. అంటే వ్యవస్థ పని చేసినట్టే కదా.

మిల్పిటాస్ పద్మజ:
ఆ తీర్పును 2022లో అప్పీలు కోర్టు కొట్టివేసిన సంగతి కూడా చెప్పండి, సగం చెప్పి ఆపకండి. ఆ మధ్యలోనే, 2018లో, మరో మానసిక రోగి జైలు వ్యానులో తల బాదుకొని తీవ్రంగా గాయపడితే కౌంటీ కోటి డాలర్లు చెల్లించింది. ఆ డబ్బు మీ ప్రాపర్టీ టాక్స్‌లోంచి కూడా పోయింది.

బేగంపేట బాబాయి:
అమెరికాలో పోలీసు అధిపతిని ప్రజలు ఎన్నుకుంటారని వింటే ముచ్చటేస్తోంది. మన దగ్గర ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2006లోనే డీజీపీకి కనీసం రెండేళ్ల పదవీకాలం ఉండాలని, ఫిర్యాదుల ప్రాధికార సంస్థలు పెట్టాలని ఆదేశించినా రాష్ట్రాలు నీళ్లు నములుతూనే ఉన్నాయి. ఎస్పీలను కూడా ఎన్నుకుంటే బాగుంటుందేమో.

కూపర్టినో కృష్ణ:
బాబాయి గారూ, ఎన్నుకున్నంత మాత్రాన బాగుపడదు. లారీ స్మిత్ 1998లో ఎన్నికై, వరుసగా గెలుస్తూ ఇక్కడ రెండు దశాబ్దాలకు పైగా షెరీఫ్‌గా ఉన్నారు. షెరీఫ్ ఇచ్చే తుపాకీ అనుమతులను ఎన్నికల విరాళాలతో ముడిపెట్టారన్న వ్యవహారంలో ఆమె కింది అధికారుల మీద కేసులు నమోదయ్యాయి. ఆమె 2022 అక్టోబరు 31న రాజీనామా చేసిన మూడు రోజులకు జ్యూరీ ఆమెను దోషిగా తేల్చింది. ఎస్పీ గారిని కనీసం బదిలీ చేయవచ్చు, ఇక్కడ అది కూడా లేదు.

లెక్కల మాస్టారు:
ఇంకో మాట కూడా తెలుసుకోండి. కాలిఫోర్నియాలో షెరీఫ్‌గా పోటీ చేయాలంటే పోలీసు శిక్షణ, అనుభవం తప్పనిసరి చేస్తూ 1980లలో చట్టం చేశారు. అందువల్ల సంస్కర్త అయినా ఆ బడిలోనే చదువుకున్నవాడై ఉంటాడు. అంతకుముందు ఎన్నికైన మైఖేల్ హెనెస్సీ అనే న్యాయవాది శాన్‌ఫ్రాన్సిస్కోలో 1980 నుంచి 2012 వరకు షెరీఫ్‌గా ఉండి ఖైదీలకు చదువు చెప్పించాడు. అలాంటివాడు ఈ రోజు నామినేషన్ కూడా వేయలేడు. నేను అప్పట్లోనే దీని మీద ఒక వ్యాసం రాశాను, కావలసినవారికి పంపుతాను.

ఏలూరు టు ఎల్‌ఏ:
మీ వ్యాసం మీ దగ్గరే ఉంచుకోండి. మా లాస్ ఏంజెలెస్‌లో ఏమి జరిగిందో వినండి. 2018లో డెమోక్రాటిక్ పార్టీ స్థానిక శాఖ షెరీఫ్ అభ్యర్థి ఆలెక్స్ విలనువేవాకు మద్దతు ప్రకటించింది. జైళ్లలోంచి వలస శాఖ అధికారులను పంపించేస్తానన్నాడు, వందేళ్లకు పైగా ఎవరూ చేయలేని పని చేసి పదవిలో ఉన్న షెరీఫ్‌ను ఓడించాడు, ఆ మాట నిలబెట్టుకున్నాడు కూడా. తరువాత పౌర పర్యవేక్షక సంఘం సమన్లు పంపితే హాజరు కానన్నాడు. 2021లో అదే పార్టీ రాజీనామా చేయమంది, 2022లో లాంగ్‌బీచ్ మాజీ పోలీసు చీఫ్ రాబర్ట్ లూనాకు మద్దతు ఇచ్చింది. వలస శాఖ సంగతి అడిగారు సరే, పర్యవేక్షక సంఘం పిలిస్తే వస్తావా అని ఎవరూ సంతకం పెట్టించుకోలేదు.

బెల్మాంట్ శ్రీవల్లి:
2022లో శాంటాక్లారాలో బాబ్ జాన్‌సెన్, కెవిన్ జెన్‌సెన్ ఇద్దరూ స్మిత్ మిగిల్చిన అపనమ్మకాన్ని తుడిచేస్తామన్నవారే. మా బంధువులలో సగం మందికి ఎవరు ఎవరో తేల్చుకోవడమే కష్టమైంది. జాన్‌సెన్ స్వల్ప ఆధిక్యంతో గెలిచారు. అంత దగ్గరి పోటీలో మాత్రం ఒక సంఘం ఓట్లు లెక్కకు వస్తాయి, కృష్ణ గారి మూడో ప్రశ్నకు అది జవాబు.

చాండ్లర్ చక్రి:
ఓట్లు అంటే గుర్తొచ్చింది, మన గుంపులో చాలామంది హెచ్1బి మీద ఉన్నారు. వారు స్థానిక ఎన్నికకైనా విరాళం ఇవ్వకూడదు, అది ఫెడరల్ నేరం. గ్రీన్‌కార్డు ఉన్నవారు ఇవ్వవచ్చు. జీతం లేకుండా ప్రచారంలో తిరగడానికి ఎవరికీ అడ్డు లేదు. ఇళ్లలో సమావేశం పెట్టి పళ్లెం తిప్పేటప్పుడు ఈ సంగతి ఎవరూ చెప్పరు.

కూపర్టినో కృష్ణ:
చాలా ఉపయోగపడింది. లేఖ ఇవ్వబోము. పోటీలో నిలిచినవారందరికీ ఒకే రకం ప్రశ్నలు పంపి, ఎవరికి ఏమాత్రం మొగ్గు చూపకుండా జవాబులను యథాతథంగా సభ్యులకు అందిస్తే చాలునా మాస్టారూ? షెరీఫ్ శాఖను గమనించడానికి కౌంటీ నియమించిన పర్యవేక్షకులకు జైలు రికార్డులు, వీడియోలు ఎన్ని రోజుల్లో ఇస్తారు. సూపర్‌వైజర్లు 2021 నుంచి అమలులో ఉన్న చట్టం కింద సమన్ల అధికారం వాడితే కోర్టుకు వెళతారా, హాజరవుతారా. జైలులోకి వచ్చినవారికి మందులు తొలి రాత్రే అందేలా ఏమి చేస్తారు. దొంగతనం కేసుల్లో ఎన్ని తేలాయో ఊరి వారీగా ప్రకటిస్తారా. తుపాకీ అనుమతుల ప్రశ్న కూడా పెట్టాలనుకున్నాను.

లెక్కల మాస్టారు:
అందరికీ పంపి, ప్రశ్నల్లో మీ ఇష్టాయిష్టాలు తొంగిచూడకుండా ఉంటే ఇబ్బంది లేదు. తుపాకీల ప్రశ్నను కొంచెం మార్చండి. 2022 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు బ్రూయెన్ తీర్పు వచ్చాక, తుపాకీ వెంట ఉంచుకోవడానికి "తగిన కారణం" చూపమని అడిగే వీలు షెరీఫ్‌కు పోయింది, కాబట్టి స్మిత్ కాలంలో ఉన్నంత విచక్షణ ఇప్పుడు లేదు. దరఖాస్తులను ఏ వరుసలో, ఎంత కాలంలో తేలుస్తారని అడగండి.

సరటోగా రావు:
దొంగతనాల ప్రశ్న చేర్చినందుకు ధన్యవాదాలు. దానిని మొదటి ప్రశ్నగా పెట్టండి.

మిల్పిటాస్ పద్మజ:
మందుల ప్రశ్న మొదటిది కావాలి. తొలి రాత్రి అని కాకుండా ఎన్ని గంటల్లో అని రాయండి, లేకపోతే "త్వరలోనే" అని జవాబు వస్తుంది.

ఏలూరు టు ఎల్‌ఏ:
ప్రశ్నలు మీ ఇష్టం. వచ్చే ఉగాదికి మాత్రం ఏ అభ్యర్థికీ శాలువా కప్పబోమని మాస్టారు గారు ఇక్కడే రాయాలి.

లెక్కల మాస్టారు:
పిలిస్తే అందరినీ పిలుస్తాము, కప్పితే అందరికీ కప్పుతాము. అంతకన్నా రాయను.