పాయింట్ మీద నిలవని ఫెజెంట్లు: కుక్కతో వేటకెళ్లేవాళ్లు మీ అనుభవాలు చెప్పండి

విచిటా_వాసి:
అందరికీ నమస్తే. మాది జర్మన్ షార్ట్‌హెయిర్డ్ పాయింటర్, రెండేళ్ల ఆడ కుక్క, పేరు మల్లి. ట్రైనింగ్‌లో గడ్డిలో దాచిన పావురాల మీద కదలకుండా నిలబడేది. ఈ సీజన్‌లో కాన్సాస్ పడమటి వైపు అడవి ఫెజెంట్ల (కోడి లాంటి వేట పక్షులు) మీదికి తీసుకెళ్తే కథ మారిపోయింది. వాసన తగలగానే ఆగుతుంది, ముందు కాలు ఎత్తి పాయింట్ పెడుతుంది, అంటే పక్షి ఉన్న వైపు ముక్కు పెట్టి బిగుసుకుని నిలబడుతుంది. నేను దగ్గరికి చేరేలోపు నాలుగడుగులు జరిగి మళ్లీ ఆగుతుంది. చేను చివరిదాకా ఇదే వరస. అక్కడ పుంజు తుపాకీకి అందనంత దూరంలో కేకేస్తూ లేచిపోతుంది. తప్పు కుక్కదా, పక్షిదా?

ప్రెయిరీ_మామ:
పక్షిదే బాబూ. ఫెజెంట్‌కి ఎగరడం ఆఖరి ఉపాయం, ముందు పరుగే. బాబ్‌వైట్ క్వెయిల్ (అమెరికా కౌజు పిట్ట లాంటిది) అలా కాదు, గుంపంతా నక్కి కూర్చుని కాళ్ల దగ్గర్నుంచి గుప్పున లేస్తుంది. క్వెయిల్ మీద బుద్ధిగా నిలబడే కుక్కే ఫెజెంట్ దగ్గర అయోమయంలో పడుతుంది.

పక్షి నడిచిపోయింది కాబట్టి కుక్క జరగడం వేరు, పక్షి అక్కడే ఉండగా ఆగలేక దూకడం వేరు. మొదటిది తెలివి, దాన్ని ఆపకండి. తేడా తోకలో తెలుస్తుంది. పక్షి ముక్కు ముందే ఉంటే తోక బిగుసుకుపోతుంది, ఒళ్లంతా సన్నగా వణుకుతుంది. పక్షి వెళ్లిపోయి వాసనే మిగిలితే తోక చివర మెల్లగా ఊగడం మొదలవుతుంది. అది చూశాక మీరు ‘పద’ అనాలి, కుక్క తనంతట తాను కాదు.

ఒమాహా_అక్క:
మామగారు చెప్పింది నిజం. నేను ఇంకోటి కలుపుతా. మీరు కుక్క వెనక నుంచి తిన్నగా నడిచి వెళ్తున్నారు కదూ? అదే పక్షిని తరుముతోంది. మా బ్రిటనీ జాతి కుక్క పాయింట్ పెట్టగానే నేను పక్క నుంచి దూరంగా చుట్టు తిరిగి, కుక్కకి ఎదురుగా వస్తా. అటు కుక్క, ఇటు మనిషి. పక్షికి పరిగెత్తే దారి మూసుకుపోయి నక్కడమో లేవడమో చేస్తుంది. ఎదురుగా ఉన్నారు కాబట్టి కాల్చేటప్పుడు కుక్క ఎక్కడుందో మరింత జాగ్రత్త.

ఎప్పుడూ ఎదురుగాలికి వేటాడించండి. కుక్క పాయింట్ మీద ఉండగా లేచిన పక్షినే కాల్చండి. కుక్క తరిమి లేపిన పుంజు ఎంత దగ్గర్లో ఉన్నా వదిలేయండి. తరిమితే పక్షి నోటికి రాదని దానికి తెలిసిరావాలి. మా ఆయనకి ఈ రూలంటే చచ్చేంత కోపం, అయినా మా ఇంట్లో అమల్లో ఉంది.

గోదారోడు_మిన్నెసోటా:
అక్కా, చుట్టు తిరగడం మీ గడ్డి చేలల్లో కుదురుతుంది. మా వైపు, సౌత్ డకోటాలో, డిసెంబర్ మంచు పడ్డాక పక్షులన్నీ జమ్ములో దూరతాయి. తలెత్తు జమ్ము, మనిషికే దారుండదు. అక్కడ ఒకరిని ముందే చివర్లో నిలబెట్టడం తప్ప దారి లేదు. కారు తలుపు ఠప్పున వేశారో, సగం పక్షులు అవతలి గట్టు దాటేస్తాయి. చివర్లో మనిషి ఉన్నప్పుడు కింద ఎగిరే పక్షిని అస్సలు కాల్చొద్దు, పక్షి కింద ఆకాశం కనబడాలి. ఆరెంజ్ చొక్కా లేనివాడితో నేను వెళ్లను. కొత్తగా గడ్డకట్టిన నీటి మీదికి కుక్కని పంపకండి, చలికంటే అదే ప్రమాదం.

పాలమూరు_పిల్లోడు:
అన్నలూ, నేను డల్లాస్‌లో, హెచ్1బీ. మీతో రావాలని ఉంది. తుపాకీ పట్టుకోవచ్చా?

ప్రెయిరీ_మామ:
లైసెన్స్ లేకుండా వద్దు. నాన్ ఇమ్మిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్స్ ఉంటే మినహాయింపు ఉంది. లైసెన్స్ గడువు అయిపోతే మినహాయింపూ పోతుంది, స్నేహితుడి తుపాకీ అయినా సరే. గ్రీన్ కార్డు వాళ్లకి ఈ గొడవ లేదు. వీసా విషయం కాబట్టి లాయర్‌ని ఒక మాట అడగండి. ముందు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేసేయండి, టెక్సాస్‌లో 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకి అది తప్పనిసరి. ఈలోపు ఉత్త చేతులతో రండి, కుక్క పని చూడటమే సగం వేట.

కర్నూలు_కుర్రాడు:
మా ఊరి కందిచేలల్లో కౌజు పిట్టలు బోలెడు. ఇక్కడ ఇలాంటి కుక్కని పెంచితే?

ఒమాహా_అక్క:
పెంచు తమ్ముడూ, వేటకి మాత్రం కాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద మన దగ్గర వేట నేరం. పైగా షార్ట్‌హెయిర్‌కి రోజూ గంటలకొద్దీ పరుగు కావాలి, అపార్ట్‌మెంట్‌లో కడితే సోఫా తినేస్తుంది.

విచిటా_వాసి:
అక్కా, చుట్టు తిరిగే పద్ధతి పనిచేసింది! రైతుల దగ్గర రాష్ట్రం లీజుకి తీసుకుని అందరికీ తెరిచే వాక్-ఇన్ భూముల్లో ఒకచోట, కోసేసిన జొన్న చేను పక్క గడ్డిలో మల్లి ఆగింది. తోక బిగుసుకుంది. నేను ఫెన్స్ మూల నుంచి ఎదురొచ్చా. ముందు ఒక పెట్ట లేచింది, వదిలేశా. ఆ చప్పుడుకి మల్లి ఒక అడుగు వేసి ‘వో’ (ఆగు) అనగానే ఆగింది. రెండు క్షణాల తర్వాత అదే గడ్డి దుబ్బులోంచి పుంజు లేచింది. మెడలో తెల్ల పట్టీ, ఎండలో రాగి రంగు రొమ్ము, చెవులు చిల్లులు పడేలా కేక. కొట్టా. మల్లి తెచ్చి చేతికివ్వలేదు, దాని మీదే పడుకుంది. అది వేరే చర్చ.

కాన్సాస్‌లో రోజుకి నాలుగు పుంజులే కదా, ఇంటికి తెచ్చేటప్పుడు మొత్తం శుభ్రం చేసేయొచ్చా?

ప్రెయిరీ_మామ:
వద్దు. పుంజని తెలిసేలా తలో, కాలో, ఈకలో ఉంచాలి. ఇంకో పని: ఇంటికి రాగానే మల్లి చెవులు, కాలి వేళ్ల సందులు, చంకలు వేలితో తడిమి చూడండి. ఫాక్స్‌టెయిల్ అనే ముళ్ల గడ్డి గింజ ఒక్కటి చర్మంలో దిగితే ముందుకే పోతుంది గానీ వెనక్కి రాదు. తల విదిలిస్తున్నా, ఒకే పాదం నాకుతున్నా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లడమే.

గోదారోడు_మిన్నెసోటా:
కూర సంగతి ఎవరూ చెప్పలేదేంటి? రొమ్ము వేపుడుకి, పెద్ద మంట మీద, గబగబా. ఎక్కువసేపు ఉంచితే పీచు అయిపోతుంది. కాళ్లలో నరాలు గట్టివి, కుక్కర్‌లో ఉడికించి, పీచు తీసేసి పులుసు పెట్టండి. పెల్లెట్ (తుపాకీ చిన్న గుండు) ఉందేమో ప్రతి ముక్కా నొక్కి చూడండి, పన్ను విరుగుతుంది.