సిడ్ పాటల్లో ఒక్కో వాయిస్‌ను విడదీయడం: మీరు ఎలా చేస్తున్నారు?

తొలిబీట్
1980ల నాటి ఇంటి కంప్యూటర్ కమడోర్ 64 ఆటల సంగీతంతో రీమిక్స్ మొదలుపెట్టాను. దాని సౌండ్ చిప్ పేరు సిడ్, అందులో వాయిస్‌లు అనే శబ్ద ఛానళ్లు మూడు. ఆ పాటల భాండాగారం హై వోల్టేజ్ సిడ్ కలెక్షన్‌లోని ఒక పాట నుంచి బేస్ మాత్రమే తీసుకుని మిగతాదంతా నేనే వాయించాలని ఆలోచన. వాటిని వినిపించే సిడ్‌ప్లేఎఫ్‌పీ అనే ప్లేయర్‌లో ప్రతిసారీ రెండు వాయిస్‌లు మ్యూట్ చేసి, మూడు వేవ్ ఫైళ్లు తీశాను. మూడింటినీ ఒకచోట పేర్చి వింటే అసలు పాటలా లేదు. ఒకదానికొకటి కాస్త అటూ ఇటూ జరిగినట్టున్నాయి, గరగర కూడా తగ్గింది. ఇంకో పాటలో మూడు వాయిస్‌లూ ఆపేసినా డ్రమ్స్ మోగుతూనే ఉన్నాయి! ఎవరికైనా ఇలా ఎదురైందా?

కొయ్యబొమ్మ
ఇంత కష్టం ఎందుకండీ? పాటను మామూలుగా రికార్డు చేసి, ఈమధ్య వస్తున్న ఏఐ స్టెమ్ సాధనాల్లో దేనికైనా ఇవ్వండి. డ్రమ్స్, బేస్ విడివిడిగా వచ్చేస్తాయి.

రాగిపలక
కొయ్యబొమ్మ గారూ, ఆ సాధనాలు మనుషులు వాయించిన పాటల మీద నేర్చుకున్నవి. పల్స్ అనే ఒకే తరంగ రూపంతో మోగే బేస్‌నూ, ప్రధాన రాగం వాయించే లీడ్‌నూ అవి ఏ గుర్తుతో విడదీయాలి? పైగా సిడ్ ఫైలంటే రికార్డింగ్ కాదు, 6502 ప్రాసెసర్ కోసం రాసిన ప్రోగ్రాము. ఏ వాయిస్‌లో ఎప్పుడు ఏ స్వరం మోగాలో అందులోనే రాసి ఉంది. ప్రశ్నపత్రంతో పాటు జవాబులూ చేతికిచ్చాక ఊహించి రాయడం దేనికి?

తొలిబీట్ గారూ, మీ సమస్య ఒకటి కాదు, మూడు.

ఫైళ్లు అటూ ఇటూ జరగడం: సిడ్‌ప్లేఎఫ్‌పీ అసలు యంత్రాన్ని అనుకరించడానికి, స్విచ్ వేశాక ఎంతసేపటికి పాట మొదలవ్వాలో ప్రతిసారీ యాదృచ్ఛికంగా ఎంచుకుంటుంది. డిలే అనే ఆప్షన్‌కు ఒకే అంకె ఇచ్చి మూడు ఫైళ్లూ మళ్లీ తీయండి, ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చుంటాయి.

గరగర తగ్గడం: సిడ్‌లో వాయిస్‌లు మూడు, శబ్దంలో కొన్ని పౌనఃపున్యాలను తగ్గించే ఫిల్టర్ మాత్రం ఒక్కటే. మొదటి తరం 6581 చిప్‌లో ఆ ఫిల్టర్ సరళంగా పనిచేయదు. లోపలికి ఎంత సంకేతం వస్తే అంతగా వంకర తిప్పుతుంది. రెండు వాయిస్‌లు కలిసి దూరినప్పుడు పుట్టే గరగర, ఒక్కొక్కటిగా పంపితే పుట్టదు. కాబట్టి విడివిడి ఫైళ్ల మొత్తం అసలు పాటకు సమానం కాదు. ఎంత తేడా ఉందో చూడాలంటే అసలు పాట ఫేజ్ తిప్పి, మూడు ఫైళ్లతో కలిపి వినండి. మిగిలి వినిపించేదే ఆ గరగర.

మూడోది, ఆగని డ్రమ్స్. దాని గురించి నాలుగుబిట్లు గారు చెబితేనే బాగుంటుంది.

నాలుగుబిట్లు
నా పేరే అందుకోసం పెట్టుకున్నాను కదా. చిప్‌కు ఆదేశాలిచ్చే అంకెలు ఉండే గడులను రిజిస్టర్లు అంటారు. 54296 రిజిస్టర్‌లో వాల్యూమ్‌కు నాలుగు బిట్లు ఉంటాయి, అంటే 0 నుంచి 15 వరకు. 6581లో ఆ అంకె మార్చిన ప్రతిసారీ అవుట్‌పుట్‌లో చిన్న టిక్ వస్తుంది. సెకనుకు కొన్ని వేలసార్లు మారిస్తే ఆ టిక్కులే కలిసి రికార్డు చేసిన శబ్దంలా వినిపిస్తాయి. చిప్‌లో లేని నాలుగో ఛానల్ అలా పుట్టింది. 1987లో మార్టిన్ గాల్వే ఆర్కనాయిడ్‌లో డ్రమ్స్‌ను ఇలాగే మోగించాడు. ఇది ఏ వాయిస్‌కూ చెందదు కాబట్టి మూడింటినీ ఆపినా ఆగదు. మంచి ప్లేయర్లలో ఈ శాంపిళ్లను ఆపడానికి వేరే మీట ఉంటుంది.

మీకు ఆ డ్రమ్స్ మాత్రమే కావాలంటే ఇది వరమే. మూడు వాయిస్‌లూ ఆపి రికార్డు చేసుకోండి. చిప్ మోడల్‌ను మాత్రం 6581 గానే ఉంచండి. తర్వాత వచ్చిన 8580లో ఆ టిక్ బాగా తగ్గిపోయింది, డ్రమ్స్ ఎక్కడో పక్కింట్లో మోగుతున్నట్టుంటాయి.

తొలిబీట్
డిలే ఆప్షన్‌తో ఫైళ్లు సరిపోయాయి, ధన్యవాదాలు. ఇప్పుడు ఇంకో వింత. మరో పాటలో మూడో వాయిస్ ఆపితే మొదటి వాయిస్‌లోని లీడ్ స్వభావమే మారిపోతోంది, లోహం గీకినట్టుండే పదును పోయి చప్పగా అవుతోంది. మీరు చెప్పిన ఫిల్టర్ వల్లేనా?

రాగిపలక
కాదండీ, అది సింక్ గానీ రింగ్ మాడ్యులేషన్ గానీ అయి ఉంటుంది. సిడ్‌లో వాయిస్‌లు గుండ్రంగా ముడిపడి ఉంటాయి. మొదటిదాన్ని మూడోది, రెండోదాన్ని మొదటిది, మూడోదాన్ని రెండోది నడుపుతాయి. సింక్‌లో మూడో వాయిస్ ఆసిలేటర్, అంటే తరంగాన్ని పుట్టించే భాగం, ఎంత వేగంగా తిరిగితే మొదటిదాని తరంగం అంత తరచుగా మళ్లీ మొదటికి వస్తుంది. ఆ పదును అక్కడి నుంచే.

ఇక్కడ ప్లేయర్ ఎలా మ్యూట్ చేస్తుందన్నది ముఖ్యం. కొన్ని మిక్సర్ చివర శబ్దాన్ని కత్తిరిస్తాయి, ఆసిలేటర్ లోపల తిరుగుతూనే ఉంటుంది. కొన్ని స్వరాన్ని మొదలుపెట్టే గేట్ బిట్‌ను మాత్రం అణచివేస్తాయి. ఎన్వలప్, అంటే స్వరం గట్టితనం పెరిగి తగ్గే తీరు, పైకి లేవదు కాబట్టి ఆ వాయిస్ వినిపించదు, ఆసిలేటర్‌కు ఇబ్బంది లేదు. ఇంకొన్ని మొరటుగా ఆ వాయిస్ రిజిస్టర్లన్నీ సున్నా చేసేస్తాయి. అప్పుడు ఫ్రీక్వెన్సీ కూడా పోయి, దానిమీద ఆధారపడ్డ వాయిస్ పాడవుతుంది. మీ ప్లేయర్ ఏ రకమో తెలుసుకోవడానికి ఈ పాటే చాలు. వేరే ప్లేయర్‌లో మూడో వాయిస్ ఆపి వినండి, లీడ్ అలాగే ఉంటే దాన్నే వాడండి.

మూడోగొంతుక
దీనికి ఒకటి జోడిస్తాను. మూడో వాయిస్‌కు ఇంకో ప్రత్యేకత ఉంది. దాని ఆసిలేటర్ విలువను 54299 నుంచి, ఎన్వలప్ విలువను 54300 నుంచి ప్రోగ్రాము చదువుకోవచ్చు. కొందరు సంగీతకారులు ఆ అంకెతో ఫిల్టర్‌ను ఊపేవారు. ఎన్వలప్ విలువను అలా వాడే పాటలో గేట్ అణచే పద్ధతి కూడా తప్పుతుంది, ఎన్వలప్ ఎప్పుడూ సున్నా చూపిస్తుంది కాబట్టి. చివర్లో కత్తిరించే పద్ధతి ఒక్కటే నమ్మదగింది.

చిప్ రూపకర్త బాబ్ యానెస్ దీన్ని ముందే ఊహించాడు. 54296లో అన్నిటికంటే పై బిట్ పని మూడో వాయిస్‌ను వినబడకుండా చేయడమే. మోగకుండా పక్కవాటిని నడపడానికే దాన్ని ఇచ్చారు. మెమొరీలో అంకె రాసే ఆదేశం పోక్. అసలు యంత్రం మీద పోక్ 54296,143 అంటే వాల్యూమ్ 15, మూడో వాయిస్ మూగ. కానీ ఆ వాయిస్ ఫిల్టర్ గుండా వెళ్తుంటే ఈ బిట్‌ను అస్సలు లెక్కచేయదు!

కొయ్యబొమ్మ
అసలు యంత్రం మీదే రికార్డు చేయాలనుకునేవారి సంగతి ఏమిటి? మొదటి రెండు వాయిస్‌లకు అలాంటి బిట్ లేదు కదా.

రాగిపలక
లేదు. ఇక్కడ జర్మనీలో నా దగ్గర ఒక పాత కమడోర్ ఉంది, దానిమీద ఈ గొడవ బాగా పడ్డాను. బయటి నుంచి ఎన్ని పోక్‌లు చేసినా పాట ప్రోగ్రాము సెకనుకు 50 సార్లు రిజిస్టర్లను తిరగరాస్తుంది. కాబట్టి ప్రోగ్రామునే సవరించాలి. గేట్ బిట్ ఉండే కంట్రోల్ రిజిస్టర్లు 54276, 54283, 54290. చూశారా, ఏడేసి అంకెల దూరం. అందుకే చాలా ప్లేయర్ రొటీన్లు ఒకే ఆదేశాన్ని 0, 7, 14 ఇండెక్స్‌లతో మూడు వాయిస్‌లకూ వాడతాయి. ఆ ఆదేశాన్ని తీసేస్తే మూడూ పోతాయి. విలువలన్నీ ముందు మెమొరీలో సిద్ధం చేసి చివర్లో ఒక్కసారిగా చిప్‌కు పంపే రొటీన్లు దొరికితే మీ అదృష్టం. ఆ చివరి చోట ఒక్క వాయిస్ గేట్ బిట్‌ను తీసేయడం తేలిక. లేకపోతే యంత్రాన్ని అనుకరించే ప్రోగ్రాము, అంటే ఎమ్యులేటరే నయం. అసలు చిప్ శబ్దం కావాలన్న పట్టుదల ఉంటే మొత్తం పాటను యంత్రం మీద రికార్డు చేసి, విడి వాయిస్‌లను ఎమ్యులేటర్ నుంచి కలుపుకోండి.

తొలిబీట్
చివరి చిక్కు. నాకు కావాల్సిన బేస్ ఉన్న వాయిస్‌లోనే స్నేర్ డ్రమ్ కూడా ఉంది. వాయిస్ విడిగా వచ్చింది గానీ మధ్యమధ్యలో స్నేర్ పడుతూనే ఉంది.

మూడోగొంతుక
మూడే వాయిస్‌లు ఉంటే ఎవరైనా అదే చేస్తారు. బేస్ స్వరాన్ని రెండు మూడు ఫ్రేములు (తెరమీద బొమ్మ ఒకసారి గీసేంత సమయం ఒక ఫ్రేము) ఆపి, అక్కడ నాయిస్ పెట్టి, మళ్లీ బేస్‌కు వస్తారు. అంత వేగంగా జరిగేసరికి చెవి రెండూ ఒకేసారి మోగాయని నమ్ముతుంది. ఏ మ్యూట్ మీటా వీటిని విడదీయదు.

సిడ్‌డంప్ అనే ప్రోగ్రాము వాడండి. అది ఒక్కో ఫ్రేముకు ఏ రిజిస్టర్‌లో ఏముందో వరుసగా రాసి ఇస్తుంది. అంకెలు పదహారు ఆధారంగా ఉంటాయి, మన లెక్కలో చెబుతాను. తరంగ రూపం చెప్పే కంట్రోల్ విలువ 65 అయితే పల్స్, 33 సా, 17 ట్రయాంగిల్, 129 అయితే నాయిస్. నాయిస్ ఉన్న ఫ్రేములు ఎక్కడున్నాయో తెలిశాక వేవ్ ఫైలులో అంతవరకే కోయండి. ఒక ఫ్రేము 19.95 మిల్లీసెకన్లు.

ఆ అంకెను గుర్తుంచుకోండి, టెంపోకు కూడా పనికొస్తుంది. ఐరోపా కమడోర్ సరిగ్గా 50 కాదు, సెకనుకు 50.12 ఫ్రేములు నడుస్తుంది. ఆరు ఫ్రేములకు ఒక అడుగు, నాలుగు అడుగులకు ఒక బీట్ అయితే టెంపో 125 కాదు, 125.31. గుండ్రంగా 125 పెడితే పాట సగానికి వచ్చేసరికి మీ డ్రమ్స్ వెనకబడతాయి.

ఈశాన్యగాలి
కొంచెం పక్కదారి. మన దగ్గర టీవీ గేమ్ అని అమ్మిన క్యాసెట్ ఆటల సంగీతానికి కూడా ఇదే పద్ధతి పనిచేస్తుందా? కమడోర్‌ను నేను ఫొటోల్లో తప్ప చూడలేదు.

నాలుగుబిట్లు
అవి ఎక్కువగా నింటెండో ఫామికామ్‌కు నకళ్లు. అందులో ఐదు ఛానళ్లు: పల్స్ రెండు, ట్రయాంగిల్, నాయిస్, శాంపిల్ ఛానల్. సిడ్‌లా ఒకదాన్నొకటి నడపవు కాబట్టి విడదీయడం తేలిక. ఒక్క మెలిక ఉంది. శాంపిల్ ఛానల్ స్థాయి పైకి వెళ్లినప్పుడు ట్రయాంగిల్, నాయిస్ కాస్త తగ్గుతాయి. శాంపిల్‌ను ఆపి బేస్ రికార్డు చేస్తే అసలుకన్నా గట్టిగా వస్తుంది, మిక్స్‌లో మీరే తగ్గించుకోవాలి.

స్పెక్ట్రమ్ 128 అనే ఇంకో పాత కంప్యూటర్‌లోని ఏవై సౌండ్ చిప్ అయితే, ఏడో రిజిస్టర్‌తో టోన్ ఆపితే నిశ్శబ్దం వస్తుందని అనుకోవద్దు. తరంగం ఆగుతుంది గానీ ఆ ఛానల్ వాల్యూమ్ స్థాయి అలాగే నిలబడి ఉంటుంది, దాన్ని మార్చిన ప్రతిసారీ టప్‌మంటుంది. 8, 9, 10 రిజిస్టర్లలోని వాల్యూమ్‌ను సున్నా చేయాలి.

తొలిబీట్
నాయిస్ ఫ్రేములు కోశాను, టెంపో 125.31 పెట్టాను. బేస్ శుభ్రంగా వచ్చింది. కోసిన చోట ఖాళీ తెలుస్తోంది గానీ అక్కడ నా స్నేర్ పడుతుంది కాబట్టి వినిపించదు. గరగర కోసం మొత్తం పాటను సన్నగా కింద కలిపాను. ఫిల్టర్ ఆపేసి తీసిన పొడి ఫైలు కూడా ఒకటి దాచుకున్నాను.

రాగిపలక
ఫిల్టర్ లేని ఫైలు మంచి పని. 6581 ఫిల్టర్ చిప్‌కో తీరుగా ఉండేది, ఒకే పాట రెండు ఇళ్లలో రెండు రకాలుగా వినిపించేది. కాబట్టి మీకు నచ్చిన ఫిల్టర్ పెట్టుకున్నా ఎవరూ తప్పుపట్టలేరు. పూర్తయ్యాక లింకు ఇక్కడే పెట్టండి.