అప్‌డేట్: మామూలు వయొలిన్ మీద నార్వే జానపద బాణీలు

హార్డాంగర్ ఫిడిల్ (అడుగున అదనపు తీగలుండే నార్వే జానపద వయొలిన్) కొనకుండా, ఇంట్లో ఉన్న వయొలిన్ మీదే నార్వే జానపద బాణీలు వాయించవచ్చా అని అడిగాను కదా. వాయించవచ్చు, వాయిస్తున్నాను కూడా. అసలు నార్వే అంతటా హార్డాంగరే వాయించరు. అది ఎక్కువగా పశ్చిమ, దక్షిణ ప్రాంతాల వాద్యం. రోరోస్, గుడ్‌బ్రాండ్స్‌డాల్ ప్రాంతాల వైపు మామూలు వయొలినే. అందుకే రోరోస్ పోల్స్‌తో (అక్కడి నృత్య బాణీ) మొదలుపెట్టమని మీలో ఒకరిచ్చిన సలహా బాగా పనికొచ్చింది.

హార్డాంగర్ వాయించే టెలిమార్క్ ప్రాంతపు బాణీలకు మాత్రం, అన్నిటికన్నా మందమైన జి తీగను 'ఎ' దాకా బిగించాను. అంటే ఎ-డి-ఎ-ఇ. డి ని షడ్జమం అనుకుంటే మన లెక్కలో ప-స-ప-రి. తీగ తెగుతుందేమోనని టెన్షన్ పడ్డాను గానీ మెల్లగా తిప్పితే నిలిచింది. దాదాపు ఎప్పుడూ రెండు తీగలు కలిసి మోగాలి. హార్డాంగర్‌లో తీగలను మోసే బ్రిడ్జి కాస్త చదునుగా ఉంటుంది కాబట్టి వాళ్ళకది సులువు. అడుగున ఉండే నాలుగైదు తీగలు వాటంతటవే మోగే ఆ గుంయ్‌మనే నాదం మాత్రం మన వయొలిన్‌లో రాదు, అంతే.

అసలు కష్టం తాళం. టెలిమార్క్ స్ప్రింగార్‌లో (మూడు దెబ్బల నృత్య బాణీ) మూడు దెబ్బలూ సమానంగా ఉండవు: మొదటిది పొడవు, రెండోది మధ్యస్థం, మూడోది పొట్టి. మెట్రోనోమ్ పెట్టుకుంటే అంతా పాడవుతుంది. వాయించేవాళ్ళు పాదంతో వేసే తాళం వినిపించే రికార్డింగులే దిక్కు.

నొటేషన్ అడిగినవారికి: 1901లో టెలిమార్క్ ఫిడిల్ కళాకారుడు క్నూట్ దాలే వాయిస్తుంటే వయొలిన్ విద్వాంసుడు యోహాన్ హాల్వోర్సెన్ రాసుకున్న 17 బాణీలు ఉన్నాయి. నార్వే స్వరకర్త గ్రీగ్ పియానోకి మలిచింది వాటినే. వయొలిన్‌కి హాల్వోర్సెన్ ప్రతి చూడండి.